వడ్డించేవాడి ఆకలి

భోజన హోటల్లో టిప్పు ఇవ్వడం తెలిసినవాళ్ళని తన ఇరవయ్యారేళ్ళ సర్వీసులో పట్టుమని పదిమందిని కూడా చూడలేదని చిట్టబ్బాయి అనేవాడు. కొందరు చిల్లర పళ్ళెంలోకి విసురుతారు. కొందరు నోటు తీసుకెళ్ళి తడిగ్లాసు కింద పెడతారు. దాన్ని తర్వాత ఫ్యాను కింద ఆరబెట్టుకోవాలి. కొందరు ఆకులో అన్నం పడకముందే జేబులో కుక్కి, "కూరలు కాస్త ధారాళంగా వెయ్యవోయ్" అంటారు. అది టిప్పు కాదు, లంచం. ఒకాయనైతే వంద తీసి, ఆలోచించి లోపల పెట్టి, యాభై తీసి, అదీ లోపల పెట్టి, చివరికి గుప్పెడు సోంపు నోట్లో పోసుకుని వెళ్ళిపోయాడట. "ఆయన్నేవీ అనకూడదే. ఆయన పడ్డ యాతన నేను చూసేను కదా" అని చెల్లెలు అనంతలక్ష్మికి చెప్పి నవ్వేవాడు.

పుచ్చుకునేవాడికీ ఒక పద్ధతి ఉంది. తిన్నవాడు గడప దాటేదాకా సోంపు పళ్ళెం వైపు చూడకూడదు. చూస్తే అడిగినట్టు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, వడ్డించేవాడు అడిగాడంటే వాడి వడ్డనకి విలువ పోతుంది. ఈ నియమం చిట్టబ్బాయికి ఎవరూ నేర్పలేదు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో పేర్రాజుగారి భోజన హోటల్లో చేరిన కొత్తలో తనకు తనే పెట్టుకున్నాడు.

అనంతలక్ష్మి పదహారేళ్ళప్పుడు టెన్త్ క్లాసు మార్కులు చూపించడానికి మధ్యాహ్నం పూట ఆ హోటలుకి పరుగెత్తింది. గుమ్మంలో నిలబడేసరికి, పెళ్ళాం పిల్లలతో వచ్చిన పెద్దమనిషొకడు అయిదు రూపాయల బిళ్ళ పళ్ళెంలోకి గిరాటేస్తున్నాడు. అది పళ్ళెం అంచుకి తగిలి బల్ల కిందికి దొర్లింది. "తీసుకోవోయ్, నీకే" అన్నాడు పెద్దమనిషి. చిట్టబ్బాయి మోకాళ్ళ మీద వంగి, చెప్పుల మధ్య చెయ్యిపెట్టి వెతికి, బిళ్ళ తీసుకుని లేచాడు. లేచి చెల్లెల్ని చూసి నవ్వాడు. అతను ఆ సంగతి సాయంత్రానికే మర్చిపోయాడు. అమ్మానాన్నా లేని ఆ పిల్ల మాత్రం మర్చిపోలేదు. ఆమెకు అమ్మైనా నాన్నైనా ఆ చెప్పుల మధ్య వంగిన మనిషే. ఆ రోజు దిగిన ముల్లు ఇరవయ్యేళ్ళ తర్వాత ఒక యంత్రమై బయటికొచ్చింది.

ఆ యంత్రం చూడ్డానికి ఏమంత ఘనంగా ఉండదు. సోంపు పెట్టుకునేంత స్టీలు పళ్ళెం ఒకటి, కందిగింజంత బొత్తాం ఒకటి. బొత్తాం వడ్డించేవాడి చెవి వెనక అతికిస్తారు. తిన్నవాడు లేచేముందు పళ్ళెం మీద బొటనవేలు ఆనించి అయిదు లెక్కపెట్టాలి. అంతే. పిట్ట కొంచెమే గానీ, మొదటి రోజు దాని కూత ఎంత దూరం వినిపించిందో పేర్రాజుగారి హోటల్లో ఉన్నవాళ్ళందరూ చూశారు.

మే నెల, ఒంటిగంట వేళ. హోటలు కిటకిటలాడుతోంది. అనంతలక్ష్మి గల్లాపెట్టె పక్కన నిలబడి చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని చూస్తోంది. మూలబల్ల దగ్గర రిటైరైన రైల్వే గార్డొకాయన పెరుగన్నం ముగించి, నోరు తుడుచుకుని, చెప్పిన ప్రకారం పళ్ళెం మీద వేలు పెట్టాడు. రెండు వరసల అవతల సాంబారు బకెట్టుతో పోతున్న చిట్టబ్బాయి ఠక్కున ఆగిపోయాడు. బకెట్టు నేలమీద పెట్టాడు. ఒక చేత్తో గోడ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అనంతలక్ష్మి కంగారుగా దగ్గరికెళ్ళింది.

"ఏమైందన్నయ్యా? తల తిరుగుతోందా?"

"లేదే." చిట్టబ్బాయి కళ్ళు తెరిచాడు. వాటినిండా నీళ్ళున్నాయి. "నేనే తిన్నట్టుందే. వేడివేడిగా. ఎవరో దగ్గర కూచుని, ఇంకొంచెం ఇంకొంచెం అని కొసరి కొసరి పెట్టినట్టుంది." మూలబల్ల వైపు తిరిగి చూశాడు. "ఆయనకి ఇంత బాగుందేటే? మొహం చూత్తే ఏం తెలియలేదు. ఆరేళ్ళనించీ వత్తన్నాడు, ఒక్క మాటనలేదు!"

గార్డుగారు అప్పుడు కూడా ఏమీ అనలేదు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

అన్నం తిన్నాక కడుపు నిండిందని మెదడుకి కబురు మోసే నరం ఒకటుంది. ఆ కబురుని బొటనవేలి దగ్గర దొరకబుచ్చుకుని, అవతలి మనిషి చెవి వెనక మళ్ళీ వినిపించడమే అనంతలక్ష్మి డాక్టరేటు చేసి, ల్యాబులో పదకొండేళ్ళు కూర్చుని సాధించింది. వదిన రత్నం పెళ్ళిమాట ఎత్తినప్పుడల్లా ఈ నరం పేరు చెప్పే తప్పించుకుంది. పూర్వం బంతిలో తిన్నవాళ్ళు లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అనేవారు గనక తన యంత్రానికి సుఖీభవ అని పేరు పెట్టింది. కడుపులోంచి వచ్చేవన్నీ మంచి కబుర్లే కావు. మంటా, ఉబ్బరం, తీరని ఆకలీ కూడా ఉంటాయి. ఆ గోలంతా వడ్డించేవాడికెందుకని లోపల ఒక వడపోత అమర్చింది. నిండుతనం మాత్రం దాటుతుంది, మిగతాది ఆగిపోతుంది. విసరడాలూ వంగడాలూ ఉండవు. ఇచ్చేవాడికి మొహమాటం లేదు, పుచ్చుకునేవాడికి చిన్నతనం లేదు. తిన్నవాడు దేన్ని ఆనందించాడో అదే వడ్డించినవాడికి ముడుతుంది. ఇంతకన్నా న్యాయమైన టిప్పు లోకంలో ఉండదని ఆమె నమ్మింది. ఆ మాట చెప్పిన సభలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, శాలువా కూడా కప్పారు.

నెల తిరక్కుండా పేర్రాజుగారి హోటలు ముందు వరస కట్టారు జనం. తిండి కోసం కొందరు, వేలు పెట్టి చూద్దామని కొందరు. పేర్రాజుగారు గోడకి ఒక బోర్డు తగిలించారు. "ఇచ్చట టిప్పులు ఇవ్వరాదు. బొటనవేలు చాలును."

"అదేమిటండీ?" అంది అనంతలక్ష్మి బోర్డు చూసి. "డబ్బులు వద్దని నేననలేదే."

"ఆయ్, మీరనలేదు డాక్టరమ్మగారూ, జనమే మానేశారు" అన్నారు పేర్రాజుగారు. "వేలు పెట్టాక మళ్ళీ జేబులో చెయ్యి ఎవడు పెడతాడండి? పోనీ మా కుర్రాళ్ళు ఏవన్నా బాధపడుతున్నారేమో అడగండి. మీ అన్నయ్యగారి మొహం చూడండి ముందు."

నిజమే, చిట్టబ్బాయి మొహం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళూ అతనికి తిన్నవాడి వీపు మాత్రమే కనబడేది. ఇప్పుడు లోపల ఏముందో తెలుస్తోంది. ఏ కాలేజీ పిల్లాడు రసం దగ్గర కరిగిపోతాడో, ఏ మేస్త్రీ ఒట్టి పప్పు నెయ్యికే పండగ చేసుకుంటాడో ఇంటికొచ్చి కథలుగా చెప్పేవాడు. "బ్యాంకు మేనేజరుగారు ఉన్నారే, ఆయనకి ఏం తిన్నా ఏవీ లేదు. పాపం, గుల్ల. రేపు ఆయనకి దోసావకాయ వేసి చూత్తాను" అనేవాడు. టిప్పుల డబ్బుతో ఆదివారం వచ్చే చేపలు మాత్రం ఇంటికి రావడం మానేశాయి. మొగుడు ఇంత సంతోషంగా ఉండగా చేపల మాట ఎత్తడం రత్నానికి బాగుండలేదు.

ఒక మార్పు అనంతలక్ష్మి కూడా గమనించింది. జనం ఇప్పుడు లేచేటప్పుడు చిట్టబ్బాయి వైపు చూడ్డం లేదు. వేలు ఆనించి, రెండో చేతిలో ఫోను చూసుకుంటూ అయిదు లెక్కపెట్టి పోతున్నారు. పది రూపాయలిచ్చేవాడు కూడా ఇదివరకు "ఏవోయ్, వస్తా" అనేవాడు. దాన్ని గురించి ఆలోచించాలని నోట్సులో రాసుకుంది గానీ, ఆలోచించలేదు.

జూలైలో ఒక ఆదివారం ఉదయం రత్నం ఆమెను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. కొంగులోంచి ఒక తోలు బెల్టు తీసి చేతిలో పెట్టింది. అది చిట్టబ్బాయిది. కంపెనీ వేసిన చిల్లులు దాటి, మేకుతో పొడిచిన కొత్త చిల్లులు మూడున్నాయి.

"మీ అన్నయ్య నా చేతి ముద్ద తిని పన్నెండ్రోజులయ్యింది అమ్మడూ" అంది రత్నం.

అనంతలక్ష్మి నవ్వబోయి ఆగింది. "హోటల్లో తినేసి వస్తున్నాడేమో వదినా."

"అక్కడా తింటల్లేదు. వంటమాస్టారింటికెళ్ళి వాళ్ళావిడ చేత అడిగించేను. కంచం ముందు కూచుంటాడంట, కలుపుతాడంట, పక్కోడికి తోసేత్తాడంట. నిన్న గుత్తొంకాయ చేసేను. ఆయనకి పేణం కదా అది! 'బాగా తిన్నాను రత్నం, ఇంక పట్టదు' అన్నాడు. ఏం తిన్నావయ్యా అంటే, ఎవరెవరు ఏం తిన్నారో చెప్తాడు." రత్నం బెల్టు మీది కొత్త చిల్లులు వేలితో చూపించింది. "ఎవరో తింటే ఈయన కడుపెలా నిండుద్ది? నువ్వు పెద్ద చదువు చదివేవు, నువ్వు చెప్పు."

మర్నాడు నాలుగింటికి అనంతలక్ష్మి హోటలుకెళ్ళింది. ఆఖరి మనిషి వెళ్ళిపోయాక షట్టరు సగం దించి, వెనకవైపు వరండాలో వడ్డించేవాళ్ళు భోజనాలకి కూర్చుంటారు. మిగిలిన అన్నం, అడుగంటిన సాంబారు, అదృష్టం బాగుంటే రెండు వడియాలు. అయిదుగురు తలలు వంచుకుని ఉన్నారు. తింటున్నది ఒక్కడే. బొత్తాలు చాలక అతనికి పెట్టలేదు. చిట్టబ్బాయి కంచంలో అన్నం కలిపి, ఆ ఒక్కడి కంచంలోకి జారవిడుస్తున్నాడు.

"నువ్వు తినవేం అన్నయ్యా?"

"ఇయ్యాల తొంభైమంది తిన్నారే!" అన్నాడతను తృప్తిగా. "పెళ్ళివారొకళ్ళు వచ్చేరు. ఇంకెక్కడ పట్టుద్ది నాకు?"

అనంతలక్ష్మి వరండా మెట్టు మీద కూలబడింది. ల్యాబులో ఈ యంత్రాన్ని పదహారుమంది మీద పరీక్షించింది. బరువూ రక్తమూ నిద్రా అన్నీ చూసింది, ఎవరికీ ఏమీ కాలేదు. అవ్వదు మరి. ఆ పదహారుమందీ ఒంటిగంటకే క్యాంటీన్లో సుష్టుగా తిని పరీక్షకొచ్చినవాళ్ళు. నిండిన కడుపుకి నిండిందని చెబితే ప్రమాదమేముంది? ఇక్కడివాళ్ళు ఖాళీ కడుపుతో పదకొండింటికి బకెట్టు పట్టుకుంటారు. ఊరంతా తిన్నాక నాలుగింటికి కూర్చుంటారు. ఆ అయిదు గంటల్లో యంత్రం తొంభైసార్లు చెబుతుంది, నువ్వు తిన్నావని. వడ్డించేవాడు అందరికన్నా ఆఖర్న తింటాడన్న సంగతి ఏ పుస్తకంలోనూ లేకపోవచ్చు. వడ్డించేవాడి చెల్లెలికి మాత్రం తెలియాలి. ఆమెకు గుర్తు రాలేదు. చదువు ఎక్కువైతే ఇంటి గుమ్మం కనబడదేమో అనుకుని సిగ్గుపడింది.

"అది తీసెయ్యి అన్నయ్యా" అంది. "ఈ పూటే తీసెయ్యి."

చిట్టబ్బాయి చెవి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నలభయ్యెనిమిదేళ్ళ మనిషి, పసిపిల్లాడు బొమ్మ దాచుకున్నట్టు దాచుకున్నాడు.

"ఎందుకే? నీకు సభలో చప్పట్లు కొట్టేరు, శాలువా కప్పేరు. నాకెవరు చెప్పేరే, నీ చేతి వడ్డన బాగుందని? ఇరవయ్యారేళ్ళు! తిన్నోడు లేచెళ్ళిపోతే, ఎంగిలాకు తీసి తడిగుడ్డ పెట్టి తుడవడమే గదా నా బతుకు! ఇప్పుడు తెలుత్తుంది. మళ్ళీ లాక్కుంటావా?"

పొద్దున్న డ్యూటీకి ముందు తిని వెళ్తానని ఒట్టు వేయించుకుని వదిలేసింది. అతను ఒట్టు వేశాడు గానీ, ఇడ్లీ పళ్ళెం ముందు కూర్చుంటే నిన్నటి తొంభైమంది ఇంకా దిగలేదు. రెండు ముక్కలు తుంచి, రత్నం అటు తిరగ్గానే మిగతావి కాకులకి వేశాడు.

ల్యాబు డైరెక్టరుగారికి చెబితే ఆయన ఓపిగ్గా విన్నారు. యంత్రాన్ని హోటళ్ళకి అమ్మే ఒప్పందం మీద వచ్చే శుక్రవారం పన్నెండింటికి సంతకాలు. మొదటి విడతలోనే రెండు వేల హోటళ్ళు. "దీనికంత బెంగెందుకమ్మా" అన్నారు. "వాడకం పుస్తకంలో ఒక వాక్యం చేరుద్దాం. 'వడ్డించువారు విధులకు ముందే భోజనము చేయవలెను.' సరిపోతుంది కదా?" సరిపోదని ఆమెకు తెలుసు. రెండు వేల హోటళ్ళలో ఒక్కదాంట్లో కూడా యజమాని పదకొండింటికి ముందు వాళ్ళని కూర్చోబెట్టి అన్నం పెట్టడు. అయినా పదకొండేళ్ళ పని కదా. సరేనంది. ఆ వాక్యం టైపు చేసి, తను చేయాల్సింది చేసేసినట్టు ఊపిరి పీల్చుకుంది. అనంతలక్ష్మి చేసిన తప్పుల్లో ఇదే పెద్దదని నా లెక్క. మొదటిది తెలియక చేసింది, ఇది తెలిసి చేసింది.

శనివారం మధ్యాహ్నం చిట్టబ్బాయి రసం బకెట్టుతో సహా కుప్పకూలాడు. వేడిరసం పడి కుడిపాదం మీద చర్మం ఊడివచ్చింది. ఆస్పత్రిలో తూకం వేస్తే నలభైమూడు కిలోలున్నాడు. కాలికి కట్టుకట్టి, సెలైను పెట్టి, చెవి వెనక బొత్తాం డాక్టరే పీకి అవతల పడేశాడు. రెండు మూడు రోజుల్లో ఆకలి దానంతటదే పుడుతుందన్నాడు. సోమవారం ఇంటికి పంపారు. మంగళవారం పుట్టలేదు, బుధవారం పుట్టలేదు. ఇప్పుడు నిండుతనమూ లేదు, ఆకలీ లేదు. రత్నం ముద్ద నోట్లో పెడితే అతను బుగ్గన పెట్టుకుని అలాగే కూర్చునేవాడు. మింగమని చెబితే మింగేవాడు, రెండో ముద్దకి వాంతి. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది ఇలాంటప్పుడే. గురువారం సాయంత్రం డాక్టరు చెప్పేశాడు.

"రేపొక్కరోజు చూద్దాం. నోటితో తీసుకోకపోతే ఎల్లుండి అడ్మిట్ చేసి ముక్కులోంచి గొట్టం వేస్తాను. గుండె కూడా బలహీనంగా ఉంది. ఎక్కువ రోజులు ఆగే కేసు కాదిది."

శుక్రవారం ఉదయం అనంతలక్ష్మి ల్యాబుకెళ్ళి ఒక పళ్ళెం, ఒక బొత్తాం తెచ్చుకుంది. కడుపులోంచి ఏ కబురు వచ్చినా దాటాలని, వచ్చేముందు పళ్ళెం లోపలి వడపోత తీసేసింది. ఆమె భయం ఒకటే. తన యంత్రం ఆ నరాన్నే చంపేసిందేమో. చచ్చిన నరమైతే ఇక ఎవరూ చేయగలిగింది లేదు. వేలు పెట్టించి చూస్తే ఏమీ వినబడదు. అది తేలిపోవాలి.

పదకొండు గంటలకి రత్నం మెత్తగా వండిన అన్నంలో పెసరపప్పు, నెయ్యి కలిపి కంచం మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. చిట్టబ్బాయి దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అనంతలక్ష్మి బొత్తాం తన చెవి వెనక అతికించుకుని, అన్న బొటనవేలు తీసుకుని పళ్ళెం మీద ఆనించింది.

వచ్చింది నిశ్శబ్దం కాదు. ముందు కాళ్ళలోంచి సత్తువ జారిపోయింది. చెవుల్లో హోరు పెట్టింది. కడుపు లోపల్నుంచి ఎవరో రెండు చేతులా మెలితిప్పుతున్నట్టయింది. గంట క్రితం ఉప్మా తిని కాఫీ తాగిన మనిషి ఆమె. అదేమీ గుర్తులేదు. ఎదురుగా అన్నం ఉంది, అంతే తెలుసు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి, రోగి కోసం పెట్టిన కంచంలో చెయ్యి పెట్టి, పెద్దపెద్ద ముద్దలు చేసి కుక్కుకుంది. గడ్డానికి మెతుకులు అంటుకున్నాయి, పొలమారింది. అయినా ఆగలేదు. సగం కంచం ఖాళీ అయినా ఆకలి గోరంత తగ్గలేదు. ఎలా తగ్గుతుంది, తింటున్న కడుపు వేరు, కాలుతున్న కడుపు వేరు.

"అదేంటే, పొద్దున్న తిన్నావు గదా! ఏవైందే నీకు? రత్నం, నీళ్ళు తే!" చిట్టబ్బాయి కంగారుగా లేవబోయాడు.

"వేలు తియ్యకన్నయ్యా!" అనంతలక్ష్మి అతని చెయ్యి పట్టుకుని భోరుమంది. "ఈ ఆకలి నాది కాదు. నీది."

రత్నం నీళ్ళచెంబు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నీ కడుపు అరుస్తూనే ఉందన్నయ్యా. ఇన్నాళ్ళూ అరుస్తూనే ఉంది. వినకుండా నీ మెదడుకి నేను అలవాటు చేశాను. నీకు బదులు నాకు వినబడుతోంది. నేనెంత తిన్నా ఇది తీరదు. నువ్వు తింటేనే తీరుతుంది."

చిట్టబ్బాయి చెల్లెలి మొహంలోకి చూశాడు. ఒకరి ఆకలి ఎంతుందో మొహం చూసి అంచనా కట్టడం అతనికి వచ్చిన ఒకే ఒక్క విద్య. గరిటెడు చాలా, రెండు గరిటెలా, ఈ మనిషి నిన్న కూడా తినలేదా, అన్నీ అతనికి కనబడతాయి. అద్దంలో తన మొహం చూసినా తెలియనిది, చెల్లెలి మొహం మీద తెలిసింది. అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇంత ఆకలేటే?" అన్నాడు మెల్లిగా. "ఇంత ఆకలితో మన హోటలుకెవరూ రాలేదే."

ఎడంచేతి బొటనవేలు పళ్ళెం మీద ఉంచి, కుడిచేత్తో కంచం దగ్గరికి లాక్కున్నాడు. చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు. రుచి లేదు, కోరికా లేదు. మందు మింగినట్టు మింగి, చెల్లెలి వైపు చూశాడు.

"ఏవన్నా తగ్గిందా?"

"లేదు. ఇంకోటి."

ఇంకోటి మింగాడు. వాంతి వచ్చేలా ఉంటే ఆగి, ఆమె మొహం చూసి, మళ్ళీ మింగాడు. నాలుగో ముద్దకి అనంతలక్ష్మి భుజాలు కొంచెం దిగాయి. ఆరో ముద్దకి చెవుల్లో హోరు తగ్గింది. కడుపులో మెలి ఒక్క చుట్టు వదిలింది.

"ఇప్పుడు?"

"కొంచెం... కొంచెం నయంగా ఉంది."

"అలాగైతే ఇంకో రెండు" అన్నాడు చిట్టబ్బాయి, కస్టమరుకి చెప్పినట్టు. ఆ పూట తొమ్మిది ముద్దలు లోపల నిలిచాయి.

పన్నెండింటికి అనంతలక్ష్మి ఫోను మోగింది. అవతల డైరెక్టరుగారు. అందరూ వచ్చేశారు, ఎక్కడున్నావమ్మా అన్నారు. ఆమె సంతకం చెయ్యనని చెప్పింది. ఆయనకు ముందు అర్థం కాలేదు, తర్వాత కోపమొచ్చింది.

"పుస్తకంలో రాశాం కదమ్మా, ముందు భోజనం చెయ్యమని!"

"ముందు వాళ్ళకెవరూ పెట్టరు సార్. నాకు తెలిసే రాశాను. అందుకే సిగ్గుగా ఉంది."

ఆ ఒక్కమాటతో పదకొండేళ్ళ పని మూలపడింది. ఉద్యోగం ఉంది గానీ, గది మారింది. శాలువా కప్పినవాళ్ళు కనబడితే దారి తప్పుకుపోయారు. హోటల్లో మిగతావాళ్ళ బొత్తాలు ఆమే స్వయంగా వెళ్ళి తీసింది. వాళ్ళు వారంలో మళ్ళీ కంచాల దగ్గర కొట్టుకునే స్థితికి వచ్చారు. అందరికన్నా ఎక్కువమందికి వడ్డించినవాడు చిట్టబ్బాయే గనక అందరికన్నా లోతుగా మునిగినవాడూ అతనే. పేర్రాజుగారు బోర్డు దించుతూ దిగులుగా అడిగారు.

"మరి టిప్పుల సంగతి ఏం చెప్పమంటారండి జనానికి?"

"ఏమీ చెప్పకండి. ఇచ్చేవాడు ఇస్తాడు, ఎగ్గొట్టేవాడు ఎగ్గొడతాడు. బాగుందనిపిస్తే ఆ మాట నోటితో అనమనండి, చాలు. వడ్డించేవాళ్ళకి మాత్రం పదకొండింటికి ముందు అన్నం పెట్టండి."

పేర్రాజుగారు బుర్ర గోక్కున్నారు. పది రోజులు పెట్టారు కూడా. తర్వాత సంగతి నాకు తెలియదు.

ఇంట్లో మాత్రం ఇరవై మూడు రోజులు ఒకటే తంతు. పూటకోసారి అనంతలక్ష్మి అన్న ఎదురుగా కూర్చుని బొత్తాం పెట్టుకునేది. అతని ఆకలి ఆమె భరించేది, ఆమె మొహం చూసి అతను తినేవాడు. ఆమెకు కళ్ళ కింద నల్లచారలు వచ్చాయి. ఒక్కోసారి పంటి బిగువున కూడా ఏడుపు ఆగేది కాదు. తొమ్మిది ముద్దలు పదిహేనయ్యాయి, పదిహేను కంచమయ్యాయి. డాక్టరు గొట్టం మాట ఎత్తడం మానేశాడు. కానీ ఏ పూటా అతను తనంతట తను తినలేదు. చెల్లెలి మొహం తేటపడగానే చెయ్యి ఆగిపోయేది. ఇలా ఎన్నాళ్ళు? ఒకరి ఆకలి ఒకరు మోస్తూ జీవితమంతా కూర్చోలేరు కదా.

ఇరవై నాలుగో రోజు మధ్యాహ్నం వంకాయ కూర. అనంతలక్ష్మి ఎప్పట్లాగే కూర్చుంది. కంచం ఖాళీ అయింది. ఆమె కడుపులో ఇంకా కొంచెం వెలితి ఉంది, రెండు ముద్దలకి సరిపడా. చెబుదామని నోరు తెరిచి, చిట్టబ్బాయి తన వైపు చూడకపోవడం గమనించి ఆగింది. అతను కంచంలోకి చూస్తున్నాడు. నుదురు చిట్లించి, ఏదో మర్చిపోయిన పేరు గుర్తు చేసుకుంటున్నట్టు ఉన్నాడు. వేలితో కంచం అంచున ఉన్న నూనె తీసి నాకాడు.

"రత్నం!" అని వంటింటి వైపు కేకేశాడు. "ఇంకాస్త అన్నం తేవే. ఆకలేత్తుంది."

అనంతలక్ష్మి చెవి వెనక బొత్తాం తీసేసి గుప్పిట్లో మూసుకుంది. రత్నం గరిటె కోసం వెతకలేదు. అన్నం గిన్నె గిన్నే ఎత్తుకొచ్చి మొగుడి ముందు పెట్టి, అతను కలుపుకుంటుంటే పక్కనే నేలమీద కూర్చుండిపోయింది.